భద్రాచలంలో ఎన్ని అడుగులుంది?

జులై వచ్చిందంటే మణుగూరు బస్టాండులో, బొగ్గుగని షిఫ్టు బస్సులో, అశ్వాపురం టీ కొట్టు దగ్గర వినిపించే ప్రశ్న ఒకటే: భద్రాచలంలో ఎన్ని అడుగులుంది? జవాబు చెవిన పడగానే అడిగినవాడు మనసులో తన ఊరి లెక్క కట్టుకుంటాడు. చప్టా మునిగి ఉంటుందా, పత్తి చేలోకి నీళ్లొచ్చి ఉంటాయా, గేదెల పలుపులు విప్పాలా? 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడంకెలూ ఈ గట్టున చదువు రానివాళ్లకూ కంఠతా వచ్చు. అంకె చెప్పేది కేంద్ర జల సంఘం. ఆ అంకెకు ఏ గడప తడుస్తుందో చెప్పగలిగేది ఊరు. ఈ ఇద్దరి మధ్య మాట నడిచిన చోట ప్రాణాలు నిలిచాయి. నడవని చోట పోయాయి. నదిని పట్టుకుని కిందికి నడిస్తే ఈ సంగతి ఊరూరా కనిపిస్తుంది.

కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలిశాక గోదావరి వేరే నది అయిపోతుంది. వార్ధా, వైన్‌గంగల నీళ్లు, అంటే విదర్భలో కురిసిన వానలో చాలాభాగం, ఆ దారినే వస్తుంది. ఇంకొంచెం దిగువన బస్తర్ అడవుల నుంచి ఇంద్రావతి వచ్చి పడుతుంది. అందుకే మన దగ్గర చుక్క రాలకపోయినా పేరూరులో నది పోటెత్తవచ్చు. పేరూరులో జల సంఘం గేజి ఉంది. వరద రోజుల్లో అక్కడ గంట గంటకూ నీటిమట్టం చూస్తారు. పైనుంచి వచ్చే నీళ్లను బట్టి భద్రాచలంలో మట్టం ఎంతకు చేరుతుందో ముందే అంచనా కడతారు. పెద్ద నదిలో ఉన్న మేలు ఇదే. అది చెప్పి వస్తుంది. మూటాముల్లె సర్దుకోవడానికి, నది ఒడ్డున దింపిన మోటార్లను ట్రాక్టరుకు కట్టి పైకి లాగడానికి రైతుకు టైమిస్తుంది.

వాగు ఆ టైమివ్వదు. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. తెలంగాణ చరిత్రలోనే అది రికార్డు. అదే వానకు జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం మండలం కొండాయి మీద విరుచుకుపడింది. ఎనిమిది మంది చనిపోయారు. గోదావరి అడుగుల లెక్క ఎంత పక్కాగా ఉన్నా ఆ రోజు కొండాయికి అది పనికిరాలేదు.

ఏటూరునాగారం, మంగపేట దాటి నది పినపాక మండలంలోకి వస్తుంది. ఏడూళ్ల బయ్యారం, చింతల బయ్యారం వైపు పొలాలను ఒరుసుకుంటూ మణుగూరు చేరుతుంది. పట్టణం ఒడ్డుకు కాస్త ఎడంగా ఉంటుంది. ఒడ్డునున్నవి పల్లెలు. రామానుజవరం, చిన్నరాయిగూడెం లాంటి ఊళ్లలో పెద్దవాళ్లను కదిపితే ఏ సంగతైనా ‘ఎనభై ఆరు వరద’కు ముందు, తర్వాత అనే చెబుతారు. 1986 ఆగస్టు 16న భద్రాచలంలో 75.6 అడుగులు నమోదైంది. ఇప్పటికీ అదే రికార్డు. అప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, ఏ చెట్టు మొదలు మునిగిందో, ఏ దిబ్బ మునగలేదో వాళ్లకు బాగా గుర్తు. ఏ మ్యాపులోనూ అంత వివరం ఉండదు. ముంపు గ్రామాల జాబితా రాసేటప్పుడు ఏ తహసీల్దారైనా మొదట కూర్చోవలసింది ఈ పెద్దవాళ్ల అరుగు మీద.

వానాకాలం ముందు ఇక్కడ జరిగే ఏర్పాట్లు పేపర్లో రెండు లైన్లకు మించి రావు. లోతట్టు ఊళ్లకు రేషను బియ్యం ముందే చేరుస్తారు. గజ ఈతగాళ్ల పేర్లు, నాటు పడవల లెక్క రాసుకుంటారు. పునరావాస కేంద్రానికి ఏ బడి, ఏ హాస్టలు అని తేల్చుకుంటారు. వీటన్నిటిలో నాకు గొప్పగా అనిపించేది గర్భిణుల జాబితా. కాన్పు రోజులు దగ్గరపడ్డ ఆడవాళ్లు ఎవరెవరో ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం ఇల్లిల్లూ తిరిగి రాస్తారు. వాగు అవతల ఉన్నవాళ్లను దారి తెగకముందే ఆసుపత్రికి చేరుస్తారు. ‘ఇంకా పదిహేను రోజులుంది కదమ్మా, ఇప్పుడే ఎందుకు’ అనే అత్తగారిని ఒప్పించేది కలెక్టరు ఉత్తర్వు కాదు. ‘అత్తా, మొన్న వాగు దాటలేక మంచం మీద మోసింది మర్చిపోయావా’ అని అడగగలిగిన ఆశా కార్యకర్త. పొంగే వాగులో మంచం కట్టి మోసుకెళ్లే అవస్థ ఆ జాబితా వల్లే కొంతైనా తగ్గింది.

జాబితాకు అందనివాళ్లూ ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చి అడవి లోపల గుంపులుగా బతికే గొత్తికోయల్లో చాలామందికి రేషను కార్డు లేదు, ఊరికి దారి లేదు. డప్పు చాటింపు వాళ్ల దాకా పోదు. వాళ్ల పేర్లు కూడా రాసుకోకుండా ఏర్పాట్లు పూర్తయ్యాయని చెప్పడం నాకు మింగుడుపడదు.

మణుగూరు పట్టణం తిప్పలు వేరు. ఒక పక్క సింగరేణి ఓపెన్‌కాస్టు గనులు, ఇంకో పక్క భద్రాద్రి థర్మల్ కేంద్రం, అశ్వాపురంలో భారజల కర్మాగారం. గనుల నుంచి తవ్వి పోసిన మట్టి గుట్టలై నిలబడింది. ఆ గుట్టల మీద పడిన వాన బురదను వెంటేసుకుని వాగుల్లోకి దిగుతుంది. 2024 ఆగస్టు నెలాఖరు వానలకు పట్టణంలోని కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. అవి గోదావరి నీళ్లు కావు, పట్టణం చుట్టూ ఉన్న వాగులవి. వాగు గట్టున కట్టిన ఇళ్లు మున్సిపాలిటీ చూడాలి, పూడిక ఇరిగేషను వాళ్లు తీయాలి, గుట్టల మట్టి కొట్టుకుపోకుండా సింగరేణి ఆపాలి. మూడు ఆఫీసుల వాళ్లూ ఆ వాగు పొడుగునా ఒకరోజు కలిసి నడిస్తే, వెంట కాలనీవాళ్లుంటే, చిక్కు ఎక్కడుందో సాయంత్రానికి తేలిపోతుంది. ప్రతి వాగు వంతెన స్తంభానికీ రంగు గీతలు వేసి, ఊళ్లో ఇద్దరికి చూసే బాధ్యత ఇచ్చి, ఎగువ ఊరి నుంచి దిగువ ఊరికి ఫోను వెళ్లేలా చేస్తే అయ్యే ఖర్చు ఎంతని? నేటి బంగ్లాదేశ్ 1970 తుపానులో లక్షల మందిని పోగొట్టుకుంది. ఆ తర్వాత ప్రభుత్వం, రెడ్ క్రాస్ కలిసి ఊరూరా వాలంటీర్లను తయారు చేసుకున్నాయి. మెగాఫోను, జెండాలతో వాళ్లు గడప గడపకూ తిరిగే పద్ధతి నేటికీ నడుస్తోంది. మన దేశంలోనూ 2016లో ‘ఆపద మిత్ర’ మొదలైంది. ఆ శిక్షణ వాగు ఒడ్డు కుర్రాళ్లకు అందాలి.

మణుగూరు, అశ్వాపురంలకు అవతలి గట్టున చర్ల, దుమ్ముగూడెం మండలాలు. చర్ల వైపు తాలిపేరు ప్రాజెక్టు గేట్లెత్తితే ఆ నీళ్లూ గోదావరికే. ఆ తర్వాత భద్రాచలం.

2022 జులై 16న ఇక్కడ 71.3 అడుగులు వచ్చింది. 1986 తర్వాత అంత వరద మళ్లీ రాలేదనుకుంటున్న ఊరు ఉలిక్కిపడింది. 1965లో కట్టిన వంతెన మీద రాకపోకలు ఆపేశారు. సారపాక అటు, భద్రాచలం ఇటు రెండుగా విడిపోయాయి. సైన్యం, ఎన్డీఆర్‌ఎఫ్ వచ్చాయి. వేల కుటుంబాలు పునరావాస కేంద్రాలకు చేరాయి. అంత నీటిలో అంతమంది ప్రాణాలతో బయటపడ్డారంటే పై నుంచి అంకె సరిగ్గా వచ్చింది కనుక, కింద జనం కదిలారు కనుక.

కరకట్ట ఊరిని కాపాడింది. ఆ కట్ట ఇంకో పేచీ కూడా తెచ్చింది. నది పెరిగితే స్లూయిజు తలుపులు మూసేయాలి. మూస్తే ఊళ్లో పడిన వాన బయటికి పోదు. అందుకే గుడి పక్కన విస్తా కాంప్లెక్సు దగ్గర మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. అక్కడ మోటార్లు పెట్టి లోపలి నీటిని కట్ట దాటించి నదిలోకి తోడతారు. డీజిలు వాసన, రాత్రంతా ఆగని మోత, పైపు చివర కట్ట అవతల దూకే మురికి నీళ్లు. సింగరేణి గనుల్లో నీళ్లు తోడే భారీ మోటార్లు ఇలాంటప్పుడే ఊరికి అక్కరకొస్తాయి. తలుపు మూసే ఆఫీసు, మోటారు తిప్పే ఆఫీసు ఒక్కమాట మీద లేకపోతే కట్ట ఉండీ కాలనీ మునుగుతుంది.

2022 వరద తీయకముందే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ భద్రాచలం వచ్చారు. ఎత్తైన చోట కాలనీకి, శాశ్వత పనులకు వెయ్యి కోట్లు ప్రకటించారు. లోతట్టు కాలనీలవాళ్లు ఆ మాట మరిచిపోలేదు, మరిచిపోకూడదు కూడా.

దిగువన బూర్గంపాడు. గోదావరి నిండుగా ఉన్నప్పుడు కిన్నెరసాని నీళ్లు నదిలోకి దిగలేక వెనక్కి ఎగదన్నుతాయి. ఊరిని ముంచేది ఆ ఎగపోటే. ఇంకా కింద, 2024 జులై 18న అశ్వారావుపేట మండలంలో పెదవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. ప్రాజెక్టు తెలంగాణలో, ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రలో. మరమ్మతు ఎవరిదన్న లెక్క తేలకముందే వేలేరుపాడు పల్లెల మీదికి నీళ్లొచ్చాయి.

కూనవరంలో శబరి కలుస్తుంది. ఇక్కడివాళ్లకు భద్రాచలం అంకె ఒక్కటే చాలదు. కోంటలో శబరి ఎంతుందో కూడా అడుగుతారు. 2014లో కూనవరం, చుట్టుపక్కల మండలాలు ఆంధ్రకు వెళ్లాయి, అంకె మాత్రం తెలంగాణ నుంచి రావాలి. 2022లో కూనవరం, వీఆర్ పురం జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద రోజులు గడిపారు. పోలవరం ముంపు జాబితాలో ఉన్న ఊళ్లివి. పరిహారం, కాలనీ చేతికి అందేదాకా ఊరు విడవలేరు, కనుక వరదొస్తే మళ్లీ ఆ గుట్టలే ఎక్కుతారు. ఏ గుట్ట మీదికి ఏ వాడ వెళ్తుందో పంచాయతీకి తెలుసు. జులై రాకముందే ఆ గుట్టల మీద బోరు వేయించడం, దీపం పెట్టించడం, పశువులకు గడ్డి చేర్చడం, ముసలివాళ్లు ఎక్కగలిగే దారి చేయడం పోలవరం పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేని పనులు.