రక్తదాన శిబిరం ఏ నెలలో పెట్టాలి? – విద్యార్థుల కార్యక్రమాల పట్టికపై ఒక వైద్యుని మాటలు

తొలకరి తరువాత విశ్వవిద్యాలయాలు తెరుచుకునే వేళకు విద్యార్థుల కార్యక్రమాల పట్టిక కూడా సిద్ధమవుతుంది. నూతన విద్యార్థులకు స్వాగతోత్సవం, ఆగస్టు 12 నుంచి 18 వరకు ర్యాగింగ్ వ్యతిరేక వారోత్సవం, సెప్టెంబరు 10న ఆత్మహత్యల నివారణ దినం, అదే నెల 24న ఎన్.ఎస్.ఎస్. దినోత్సవం, అక్టోబరు 1న స్వచ్ఛంద రక్తదాన దినోత్సవం, డిసెంబరులో క్రీడలు, ఫిబ్రవరిలో మూడు రోజుల సాంస్కృతికోత్సవం, ఆపై వీడ్కోలు సభ. కొద్దిపాటి తేడాలతో ఏ ప్రాంగణంలోనైనా ఇదే వరుస. నా మిత్రుని మనుమరాలు ఎన్.ఎస్.ఎస్. వాలంటీరు. తమ విశ్వవిద్యాలయం తయారుచేసిన ముసాయిదాను నాకు పంపి, "తాతగారూ, ఆరోగ్యానికి సంబంధించినవి ఒకసారి చూసి చెప్పండి" అని కోరింది. ఆమెకు పంపిన జవాబునే కొంత విస్తరించి ఇక్కడ రాస్తున్నాను. ఇతర ప్రాంగణాలవారికీ, పిల్లలను హాస్టళ్ళలో ఉంచిన తల్లిదండ్రులకూ పనికిరావచ్చు.

ఎన్.ఎస్.ఎస్. అంటే తేలికగా మాట్లాడేవారున్నారు. చీపుళ్ళు పట్టుకుని ఫొటోలు దిగడమే కదా అంటారు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో 37 విశ్వవిద్యాలయాలలో, సుమారు 40 వేల మంది విద్యార్థులతో ఈ పథకం మొదలైంది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళపాటు సేవ చేయాలన్నది నియమం. ఆ గంటలన్నీ సద్వినియోగమవుతున్నాయని నేనూ అనను. కాని ప్రభుత్వాసుపత్రిలో అర్ధరాత్రి రక్తం అవసరమైనప్పుడు ఎవరు వచ్చారో చూసినవాణ్ణి కనుక, ఆ ఎద్దేవాలో మాత్రం పాలుపంచుకోలేను.

నేను ఉద్యోగంలో చేరిన రోజులలో రక్తం కొనుక్కునేవారు. ఆసుపత్రి గేటు దగ్గర టీ కొట్టులో నలుగురైదుగురు ఎప్పుడూ కూర్చుని ఉండేవారు. రిక్షా తొక్కేవారు, పని దొరకనివారు, తాగుడుకు డబ్బు కావలసినవారు. వారి ముఖాలు చూస్తేనే పాలిపోయి ఉండేవి. ఎవరికైనా రక్తం అవసరమైతే బంధువులు వెళ్ళి వారితో బేరమాడేవారు. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఫలితంగా 1998 జనవరి 1 నుంచి డబ్బు తీసుకుని రక్తమివ్వడం నిషిద్ధమైంది. ఆ ఖాళీని పూరించినవారిలో కళాశాల విద్యార్థులది పెద్ద పాత్ర.

అయితే ఇచ్చే తీరులో ఒక చిక్కు ఉంది. రక్తదానాలన్నీ ఒకే రోజున కుమ్మరించినట్లు జరుగుతాయి. అక్టోబరు 1 ఒకటి, విశ్వవిద్యాలయ వార్షికోత్సవం మరొకటి, నాయకుల పుట్టినరోజులు కొన్ని. ఆ అమ్మాయి పంపిన పట్టికలో కూడా ఏడాదికి ఒక్కటే శిబిరం, అక్టోబరు 1న, లక్ష్యం 300 యూనిట్లు. రక్తం నిలువ ఉంచుకోదగిన ధాన్యం కాదు. వేరుచేసిన ఎర్ర కణాలు, సంచిలో కలిపిన ద్రావణాన్ని బట్టి, 35 రోజులో 42 రోజులో ఉంటాయి. ప్లేట్‌లెట్లు అయిదు రోజులే. ప్లాస్మాను మాత్రం గడ్డకట్టించి ఏడాది ఉంచవచ్చు. అంటే అక్టోబరు 1న ఇచ్చిన ఎర్ర కణాలలో వాడకుండా మిగిలినవి నవంబరు 12 దాటితే పారవేయవలసినవే. ప్లేట్‌లెట్లు దసరాకే అందుతాయో లేదో. 300 మంది ఒకే రోజున చేయి చాచితే ఆ ఊరి బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్ నిండుతుంది, పత్రికలో ఫొటో వస్తుంది. ఏప్రిల్, మే నెలలలో పరీక్షలు, సెలవులు, ఎండలు. అప్పుడు ఫ్రిజ్ తలుపు తీస్తే చల్లగాలి తప్ప ఏమీ ఉండదు.

ఇది లెక్కల కోసం చెబుతున్నది కాదు. ఒక మే నెల రాత్రి నేను విధిలో ఉండగా, రెండవ కాన్పు అయిన ఒక స్త్రీని పల్లె నుంచి తీసుకువచ్చారు. బిడ్డ బాగున్నాడు. గర్భాశయం ముడుచుకోక రక్తస్రావం ఆగలేదు. కాన్పు తరువాత అర లీటరుకు మించి రక్తం పోతేనే ప్రమాదంగా పరిగణిస్తాము. ఆమెకు అంతకు రెండింతలు దారిలోనే పోయింది. ఆమెది ఓ పాజిటివ్, మన ప్రాంతంలో అందరికంటె ఎక్కువమందికి ఉండే గ్రూపు. అటువంటి గ్రూపుకు బ్లడ్ బ్యాంకులో రెండే సంచులున్నాయి. భర్త గ్రూపు కలవలేదు. మరిది తాగి ఉన్నాడు. తల్లి ఇస్తానని ముందుకు వచ్చింది గాని ఆమెకే రక్తం లేదు. చివరికి మా వార్డు బాయ్‌కి తెలిసిన ఒక హాస్టలు గుర్తుకువచ్చింది. సప్లిమెంటరీ పరీక్షలకు ఆగిపోయిన ముగ్గురు విద్యార్థులు ఒకే స్కూటరు మీద వచ్చారు. వారిలో ఇద్దరి రక్తం పనికివచ్చింది. ఇచ్చిన రక్తాన్ని పరీక్షించి, సరిపోల్చి ఎక్కించడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నర ఎంత పొడుగో ఆ గదిలో ఉన్నవారికే తెలుసు. గర్భసంచి తీసివేయవలసి వచ్చింది, మనిషి బ్రతికింది. మూడవవాడు తన రక్తం కలవలేదని చిన్నబుచ్చుకుని, తెల్లవారేవరకు బెంచీ మీదే కూర్చున్నాడు.

అందుకే ఆ అమ్మాయికి మొదటి సవరణగా రాసినది: 300 మందిని నాలుగు జట్లుగా విభజించండి. ఒక జట్టు సెప్టెంబరులో, డెంగీ జ్వరాలు ఉధృతంగా ఉండి ప్లేట్‌లెట్లు అవసరమయ్యే రోజులలో. ఒకటి డిసెంబరులో, ఒకటి ఫిబ్రవరి చివర, మరొకటి ఏప్రిల్‌లో పరీక్షలకు ముందు. శిబిరం తేదీ ఖరారు చేసే ముందు బ్లడ్ బ్యాంకు అధికారికి ఫోను చేసి, ఎన్ని యూనిట్లు కావాలో అడగండి. ఆయన నలభై చాలంటే నలభైతో ఆపండి. మిగిలినవారి పేర్లు, గ్రూపులు, ఫోను నంబర్లు ఒక పుస్తకంలో రాసి అక్కడే ఇవ్వండి. వేసవి సెలవులలో ఊరిలోనే ఉండేవారి పేర్ల పక్కన ఒక గుర్తు పెట్టండి. అక్టోబరు 1న శిబిరం లేకపోతే వేడుక వెలితిగా ఉంటుందనుకుంటే, ఆ రోజున గ్రూపు పరీక్షలు చేయించి ఈ పుస్తకాన్ని తయారు చేయవచ్చు.

ఇక శిబిరం నడిపే పద్ధతి. వయసు 18 నిండాలి. డిగ్రీ మొదటి సంవత్సరంలో 17 ఏళ్ళవారూ ఉంటారు, జాగ్రత్త. బరువు 45 కిలోలకు తగ్గకూడదు. 450 మిల్లీలీటర్లు ఇవ్వాలంటే 55 కిలోలు ఉండాలి. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు ఉండాలి. పురుషులు 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు. పచ్చబొట్టు పొడిపించుకున్నవారు ఏడాది ఆగాలి. ఖాళీ కడుపుతో ఎవరినీ బల్ల ఎక్కించవద్దు. హాస్టలు పిల్లలు ఉదయం టిఫిను మానేసి వచ్చి వరుసలో నిలబడతారు, తరువాత కళ్ళు తిరిగి పడతారు. మొదటిసారి ఇచ్చే పడుచువారిలోనే ఇది ఎక్కువ. ముందుగా అరలీటరు నీళ్ళు తాగించి, ఇచ్చిన తరువాత పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చోబెడితే చాలావరకు తప్పుతుంది.

ఒక సున్నితమైన విషయం. రక్తమిస్తే హెచ్.ఐ.వి. పరీక్ష కూడా ఉచితంగా అయిపోతుందని వచ్చే కుర్రవాళ్ళు కొందరుంటారు. సోకిన తొలి రోజులలో ఆ పరీక్షకు దొరకకపోవచ్చు, ఆ రక్తం మరొకరికి ఎక్కవచ్చు. పరీక్ష కావలసినవారికి ప్రభుత్వాసుపత్రులలో ఐ.సి.టి.సి. కేంద్రాలున్నాయి. ఉచితం, గోప్యం. స్నేహితులు పక్కన నిలబడి ఉండగా ప్రశ్నావళిలో నిజం రాయలేరు గనుక, ఆ కాగితం నింపే చోట తెర కట్టాలి. పట్టికలో శామియానాకు, పూలదండలకు ఖర్చు రాశారు, తెరకు రాయలేదు.

వచ్చిన ఆడపిల్లలలో చాలామందిని హిమోగ్లోబిన్ చాలదని వెనక్కి పంపుతారు. బిస్కెట్టు ప్యాకెట్టు చేతిలో పెట్టి "నీకు రక్తం తక్కువమ్మా" అంటారు. అంతటితో సరి. నా దృష్టిలో ఆ శిబిరంలో అతి విలువైన సమాచారం అదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాలలోనూ 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి మించి రక్తహీనత ఉన్నవారే. 12.2 ఉన్న అమ్మాయి రక్తమివ్వడానికి పనికిరాదు గాని రోగి కాదు. 9 ఉన్న అమ్మాయి రోగి. ఇద్దరికీ ఒకే బిస్కెట్టు ఇచ్చి పంపితే ఏమి లాభం? 12కు తగ్గినవారి జాబితాను విశ్వవిద్యాలయ వైద్యశాలకు ఇచ్చి, ఇనుము మాత్రలు ఇప్పించి, మూడు నెలలకు తిరిగి పరీక్షించమని రాశాను. మాత్ర వేసుకున్న వెంటనే టీ, కాఫీలు తాగితే ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మరసమో ఉసిరికాయో తోడైతే బాగా పడుతుంది. మలం నల్లబడితే భయపడనక్కరలేదు. ఈ మూడు మాటలు ముందే చెబితే మాత్రలు చెత్తబుట్టలోకి వెళ్ళవు.

శిబిరం మరునాటి ఉదయమే అయిదు కిలోమీటర్ల పరుగు పెట్టారు. ఉత్సాహవంతులు రెండింటిలోనూ ముందుంటారు కదా! ఇచ్చిన రక్తంలోని ద్రవభాగం ఒకటి రెండు రోజులలో భర్తీ అవుతుంది, ఎర్ర కణాలకు వారాలు కావాలి. పరుగును శిబిరానికి ముందు జరపమన్నాను. పరుగుకు ముందు వారం, గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కే పద్ధతి రెండు గంటలపాటు నేర్పించమని కూడా కోరాను. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదారు సెంటీమీటర్ల లోతుకు, 108 బండి వచ్చేవరకు ఆపకుండా నొక్కాలి. చూసి నేర్చుకునే విద్య కాదు, బొమ్మ మీద చేయి వేసి నొక్కాలి.

సాంస్కృతికోత్సవం గురించి ఎక్కువ రాయను, యువకుల సంబరానికి అడ్డుపడే ముసలివాడిననిపించుకోవడం ఇష్టం లేదు. ఒక్క నీటి సంగతి మాత్రం చెబుతాను. మూడు రోజులూ తాత్కాలిక దుకాణాలు, చెరకు రసం, ఐసు ముక్కలు. కలుషితమైన నీటితో వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు వెంటనే బయటపడవు. 15 నుంచి 50 రోజుల దాకా లోపల దాగి, సగటున నాలుగు వారాలకు పైకి వస్తాయి. ఫిబ్రవరి ఉత్సవంలో తాగిన రసానికి మార్చిలో కళ్ళు పచ్చబడతాయి, పరీక్షలు పోతాయి. ఉత్సవానికీ జబ్బుకూ సంబంధమున్నదని ఎవరికీ తోచదు, హాస్టలు వంటవాడి మీద నెపం పడుతుంది. నీటిలో క్లోరిన్ ఉన్నదో లేదో క్లోరోస్కోపుతో ఒక నిమిషంలో తెలుసుకోవచ్చు. రోజూ ఉదయం ఇద్దరు వాలంటీర్లకు ఆ పని అప్పగిస్తే చాలు.

సెప్టెంబరు 10 కార్యక్రమం చివరికి ఉంచాను. ముసాయిదాలో ఉదయం పదిన్నరకు సభ, ముఖ్య అతిథి ప్రసంగం, ప్రతిజ్ఞ, ర్యాలీ. ఆరువందల మంది కూర్చున్న హాలులో ఎవరూ తన బాధ చెప్పుకోరు. దానికి బదులు ప్రతి హాస్టలులో ఇరవై మంది చొప్పున కూర్చోబెట్టి, తోటివానిలో మార్పు వస్తే ఎలా గుర్తించాలో, ఏమని అడగాలో నేర్పమన్నాను. తిండి మానడం, నిద్ర పట్టకపోవడం, తన వస్తువులు ఇతరులకు పంచిపెట్టడం, "ఇక నాతో మీకు ఇబ్బంది ఉండదు" వంటి మాటలు. అటువంటప్పుడు "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలామంది వెనుకాడతారు, అది నిజం కాదు. అడిగిన తరువాత ఒంటరిగా వదలకూడదు, మందలించకూడదు, రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకూడదు. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా, తెలుగులోనే మాట్లాడవచ్చు. 2022 అక్టోబరు 10 నుంచి ఇది పనిచేస్తున్నది. ఆ నంబరు సభా వేదిక వెనుక బ్యానరు మీద కాక, హాస్టలు గదుల తలుపుల లోపలి వైపున ఉండాలి.

పట్టికలో లేని ఒక తేదీని చేర్చమని కూడా రాశాను, అది పరీక్షా ఫలితాలు వెలువడే రోజు. దానిని ఎవరూ కార్యక్రమంగా లెక్కించరు. నా ఉద్యోగ కాలంలో అత్యవసర విభాగానికి పురుగుమందు తాగి వచ్చిన విద్యార్థులలో పలువురు అటువంటి రోజుల సాయంత్రాలలోనే వచ్చారు. ఆ రోజున ప్రతి హాస్టలులో ఇద్దరు అధ్యాపకులు రాత్రి బస చేయాలి. తప్పినవారి జాబితా గోడకు అంటించకూడదు. సప్లిమెంటరీ తేదీ, ఫీజు వివరాలు అదే రోజున చెప్పాలి. ఇంటికి ఫోను చేయడానికి జంకేవారి తరఫున అధ్యాపకుడే ఫోను చేసి తండ్రితో మాట్లాడాలి. మెస్సు పదకొండు గంటల వరకు తెరిచి ఉంచాలి. భోజనానికి రానివారి గది తలుపు ఎవరో ఒకరు వెళ్ళి తట్టాలి.