గ్రంథదానము: పలమనేరు నుండి తిరుపతికి

కౌండిన్యనది యొడ్డున నున్న మా పలమనేరు మెట్టసీమ. వేసవిలో సైతము రాత్రులు కొంత చల్లగా నుండును. ఇచ్చటినుండి తూర్పుగా మొగిలి కనుమ దిగి, బంగారుపాళెము, చిత్తూరు మీదుగా పోయినచో తిరుపతి చేరుదుము. తిరుపతికి బోవువారు పెక్కురు కొండ నెక్కి శ్రీవారిని సేవించి మరలుదురు. కొండ క్రింద మఱియొక దర్శనీయస్థలము గలదు. అది శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్యపరిశోధనసంస్థ. 1939లో దేవస్థానమువారు దీనిని స్థాపించిరి. 1954లో విశ్వవిద్యాలయ మేర్పడగా, 1956లో నీ సంస్థ దానిలో జేరెను. తాళపత్రగ్రంథము లచ్చట భద్రపఱుపబడియున్నవి.

ఇట్టి భాండాగారములకు గ్రంథము లెచ్చటినుండి వచ్చును? పెక్కు మన యిండ్ల యటకలనుండియే గదా! తాతలనాటి కట్టలను చదువువారు లేక కొందఱు పుణ్యమని యేటిలో విడుతురు; కాగితపు పుస్తకములనైనచో పాతసామానులవానికి తూచి యిత్తురు. అట్లు పోయిన ప్రతి మరల దొరకదు.

దానముగా వచ్చిన గ్రంథమును విశ్వవిద్యాలయ గ్రంథాలయములలో వెంటనే బీరువా కెక్కింపరు. పురుగు పట్టినవానిని వేఱుచేయుదురు. తాటియాకులకు నిమ్మగడ్డినూనె వంటిది పూసి, చెదరిన వరుసను సరిచేయుదురు. పిమ్మట సంఖ్య వేసి, దాత పేరుతో పట్టికలో వ్రాసికొందురు. అచ్చుపుస్తకములలో నదివఱకే తమకు గలవానిని, శిథిలమైనవానిని గైకొనకపోవచ్చును. వేఱొక గ్రంథాలయమునకు బంపనూవచ్చును. ఇందు దాత చిన్నబుచ్చుకొన బనిలేదు. చోటును, పోషణమును వ్యయముతో గూడినవి. కావున ముందు జాబితా వ్రాసి పంపి, వారి సమ్మతి పొందినపిమ్మట గ్రంథముల నిచ్చుట మేలు. ఇచ్చులోపల తాటియాకులను తడిగుడ్డతో తుడువరాదు, త్రాడు విప్పి వరుస మార్చరాదు, విడియాకును పాఱవేయరాదు.

సోదరీమణులారా! పండితులకును సులభముగా దెలియని సంగతి యొకటి గలదు. గ్రంథము తుదను లేఖకుడు సంవత్సరము పేరు మాత్రమే వ్రాయుట కద్దు. ఆ పేరు లఱువదేండ్ల కొకమాఱు తిరిగివచ్చును. "విరోధి" యని యున్నచో నది 1829వ సంవత్సరమా, 1889వ సంవత్సరమా? వ్రాసినది మీ యత్తగారి తాతగారా, వారి తండ్రిగారా యని తెలిసిన నీ చిక్కు విడిపోవును. ఆ యెఱుక యింటి పెద్దమ్మల నోటనే యున్నది. వారు గతించిన దానిని చెప్పువారుండరు. వారి నడిగి, ప్రతి యే యూరిది, ఎవరు వ్రాసిరి, మన యింటి కెట్లు వచ్చె నను నాలుగు మాటలు కాగితముపై వ్రాసి కట్టతోడ నీయుడు.

కన్యాదానమునందు గోత్రప్రవరలు చెప్పుదుము గదా! గ్రంథదానమునకు మాత్ర మవి వలదా?