ముప్ఫయ్యొక్క దయ్యాలు

మా ఇంట్లో ఒక హాజరు పట్టీ ఉంది. ముప్ఫయ్యేళ్లు తెలుగు పంతులమ్మగా పనిచేసి బయటికొచ్చేటప్పుడు నా సంచిలో మిగిలిపోయిన ఖాళీ పట్టీ అది. పదేళ్లు బీరువా అడుగున పడి ఉంది. 2024 మే నెలలో అందులో మళ్లీ పేర్లెక్కాయి. పిల్లల పేర్లు కావు, దయ్యం సినిమాల పేర్లు. రోజుకొకటి చొప్పున ముప్ఫయి. ముప్ఫయ్యొకటో వరుస సంగతి చివర చెబుతాను. ప్రతి పేరుకీ ఎదురుగా రెండు మార్కులు. ఒకటి నాది, ఒకటి నా మనవరాలిది.

అరవై ఎనిమిదేళ్ల మనిషికి ఇదేం బుద్ధి అని మీరు అడగవచ్చు. మా వీధిలో అందరూ అడిగారు.

మాది హొసూరు. మా వారు 2023 కార్తీకంలో పోయారు. కొడుకు బెంగళూరులో ఉద్యోగం. కోడలు సేలం పిల్ల, తమిళం వాళ్లు. నన్ను ఏనాడూ ఒక మాట అన్నది కాదు. మనవరాలు తల్లితో తమిళం, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతుంది. తెలుగు సంగతి అడిగితే, "అర్థమవుతుందమ్మా దానికి" అంటాడు మావాడు. ఆ మాట వింటే నాకు సగం మార్కులతో గట్టెక్కిన పిల్లవాడి తండ్రి గుర్తొస్తాడు. పదో తరగతి పరీక్షలు రాసేసి, మే నెలంతా ఉండటానికి పాప నా దగ్గరికొచ్చింది. నీకు తోడుగా ఉంటుందని వాళ్లన్నారు.

వచ్చిన మర్నాడే ఒక పందెం పెట్టింది. పడమటి దేశాల్లో అక్టోబరు నెలంతా రోజుకొక దయ్యం సినిమా చూసి మార్కులేసుకునే సరదా ఉందట. నెలాఖరున వాళ్ల హాలోవీన్ పండగ. మనం మే నెలలో చేద్దాం పాట్టీ అంది. తనకి నాయనమ్మ అన్నా, అవ్వ అన్నా నేను 'పాట్టి'నే. నెల రోజులు దీంతో ఏం మాట్లాడాలిరా భగవంతుడా అని నేను లోపల బెంగపడుతున్నాను. సినిమా చూస్తుంటే మాట్లాడక్కర్లేదు కదా అని ఒప్పుకున్నాను.

నియమాలు నావి. పదికి మార్కులు. ఎవరి మార్కు వాళ్లు ముందే చీటీ మీద రాసుకుని, ఇద్దరూ ఒకేసారి విప్పాలి. కాపీ కొట్టడం కుదరదు.

మొదటి రోజు నా వంతు. రాంగోపాల్ వర్మ 'రాత్రి', 1992 నాటిది. అది వచ్చిన కొత్తలో మా వారితో హాల్లో చూశాను. నేను భయపడతానని ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. చెమట మాత్రం ఆయన చేతికే పట్టింది. ఇన్నేళ్లకి మళ్లీ చూస్తే, రేవతి ముఖం కంటే మణిశర్మ నేపథ్య సంగీతమే నన్ను ఎక్కువ భయపెట్టింది. నేను ఎనిమిది వేశాను. పాప ఆరు వేసింది. వాళ్ల దగ్గర సెల్‌ఫోన్ ఉంటే ఈ గొడవ సగం ఉండేది కాదని దాని వాదన.

నేను కళ్లు మూసుకోవడం చూసి అది నవ్వింది. మూసుకోవాల్సింది కళ్లు కాదు, చెవులు అని చెప్పి, రిమోటు నొక్కి చప్పుడు ఆపేసింది. నిజమే సుమండీ! శబ్దం తీసేస్తే ఎంత పెద్ద దయ్యమైనా దారి తప్పిన పగటివేషగాడిలా ఉంటుంది. నలభై యాభై ఏళ్లుగా సినిమాలు చూస్తున్నా ఈ సంగతి నాకు తట్టలేదు. ఆ రోజునుంచి పట్టీలో 'చప్పుడు' అని ఇంకో గడి గీశాను.

1964 నాటి హిందీ 'వో కౌన్ థీ' చూశాం. వానలో తెల్లచీర కట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డ ఆడమనిషి. దాన్నే 1966లో తమిళంలో 'యార్ నీ?' అనీ, తెలుగులో 'ఆమె ఎవరు?' అనీ తీశారు. రెండింట్లోనూ జయలలితే. ఒకే దయ్యం రెండిళ్లలో కాపురం చేసిందన్నమాట. తీరా చూస్తే అది దయ్యం కాదు, ఆస్తి తగాదా. పాప నాలుగేసింది, మోసం చేశారని. నేను ఏడేశాను. దయ్యాల కంటే దాయాదులు ఎక్కువ మందిని వేధించారని నాకు తెలుసు.

'ఎక్సార్సిస్ట్' (1973) రోజున ఇద్దరం అన్నం సగంలో లేచాం. అందులో పిల్లకి పట్టింది దయ్యమా జబ్బా అని తేల్చడానికి ఆ పాదిరీ చూసే గుర్తుల్లో ఒకటి, ఆ పిల్ల తనకి రాని భాష మాట్లాడుతుందా అన్నది. నేను ఉలిక్కిపడ్డాను. మా చిన్నప్పుడు ఊళ్లో గాలి సోకిందని తేల్చడానికి పెద్దవాళ్లు చెప్పే గుర్తూ అదే కదా. ఎక్కడి అమెరికా, ఎక్కడి మా ఊరు! ఆ మాట అప్పటికి అక్కడే వదిలేశాను. అది నన్ను వదల్లేదని తర్వాత తెలిసింది.

'తుంబాడ్' (2018) మహారాష్ట్ర కథ. బంగారం మీద ఆశ, ఎడతెగని వాన, ఇంట్లో ఒక మూల చావలేక బతుకుతున్న ముసలావిడ. ఆవిడ తెర మీదికొచ్చినప్పుడల్లా పాప నావైపు ఓరకంట చూడటం గమనించి, ఒకసారి కావాలనే గుర్రుమన్నాను. అది కెవ్వుమంది. పక్కింటివాళ్లు తలుపు తట్టారు.

హిందీ 'స్త్రీ' (2018) చూసిన రాత్రి మాత్రం నేను సినిమాని ఆపించి మరీ సొంత కథ చెప్పాను. గోడ మీద 'రేపు రా' అని రాస్తే ఆ దయ్యం చదువుకుని వెళ్లిపోతుంది. ఇది కల్పన కాదు పాపా, మేం చూశాం అన్నాను. తొంభైల్లో బెంగళూరు వైపు ఇంటింటి తలుపు మీద 'నాళె బా' అని రాసుకున్నారు. ఆ గాలి మా ఊరికీ వచ్చింది. కానీ మాది హొసూరాయె. వచ్చే దయ్యానికి ఏ భాష చదవడం వస్తుందో ఎవరికి తెలుసు? మా వీధి చివరి ఇంటాయన తలుపు మీద కన్నడంలో, తమిళంలో రాయించి, తెలుగుకి నన్ను పిలిచాడు. సుద్దముక్క పుచ్చుకుని గుండ్రంగా 'రేపు రా' అని రాసిపెట్టాను. "తప్పుల్లేకుండా రాయండమ్మా, లేకపోతే అర్థంకాక లోపలికొచ్చేస్తుంది" అన్నాడు. నేను తెలుగు రాసిపెడితే ఒక ఇంటికి రక్ష అయింది అదొక్కసారే. పాప కడుపుబ్బ నవ్వింది. ఆ నవ్వు చూసి నేను మురిసిపోయాను. ఆ కథంతా నేను దానికి తమిళంలో చెప్పానని మాత్రం అప్పుడు గమనించలేదు.

మూడోవారంలో ఒక ముచ్చట జరిగింది. ఒకే కథని నాలుగు భాషల్లో, నాలుగు రోజులు వరసగా చూద్దామంది పాప. 1993లో ఫాజిల్ తీసిన మలయాళం 'మణిచిత్రతాళు'. 2004లో పి. వాసు తీసిన కన్నడ 'ఆప్తమిత్ర'. మరుసటేడు ఆయనే తీసిన తమిళ 'చంద్రముఖి'. 2007లో ప్రియదర్శన్ తీసిన హిందీ 'భూల్ భులయ్యా'. కథ మీకు తెలిసిందే. పాత భవంతి, తాళం వేసిన గది, ఏనాడో రాజు చంపించిన నాట్యకత్తె. ఆ ఇంటికి వచ్చిన ఇల్లాలు తానే ఆ నాట్యకత్తెననుకుంటుంది.

మలయాళంలో శోభన నటన చూసి ఇద్దరం పదికి పది వేశాం. ఆమెకి జాతీయ ఉత్తమ నటి బహుమతి తెచ్చిన పాత్ర అది. 'ఆప్తమిత్ర' రోజు నాకు మనసు బాగాలేదు. అందులో సౌందర్య. కోలారు జిల్లా ముళబాగిలు వైపు పిల్ల, మాకు ఇరుగుపొరుగు లాంటిది. 2004 ఏప్రిల్ 17న విమాన ప్రమాదంలో పోయింది. ఆ సినిమా ఆగస్టులో విడుదలైంది. లేని మనిషి లేని మనిషి వేషం కట్టినట్టుంటుంది. దానికి నేను మార్కు వెయ్యలేదు. పట్టీలో ఆ గడి ఇప్పటికీ ఖాళీ.

ఆ నాలుగింట్లో దయ్యం ఏ భాష మాట్లాడుతుందో చూడండి. మలయాళంలో ఆ నాట్యకత్తెది తంజావూరు, తమిళం మాట్లాడుతుంది. హిందీలో ఆవిడ బెంగాలీ. కన్నడంలోనూ తమిళంలోనూ తెలుగు! చంద్రముఖి విజయనగరం నుంచి రాజు తెచ్చుకున్న మనిషి. అంతా తమిళంలో నడుస్తున్న సినిమాలో, ఆవేశం వచ్చినప్పుడు జ్యోతిక గొంతులోంచి తెలుగు వస్తుంది, పాటా తెలుగే. మన సినిమాల్లో దయ్యం పక్కింటి భాష మాట్లాడుతుందని నేను పట్టీ అంచున రాసుకున్నాను. బొత్తిగా తెలియని భాషకి ఎవరూ భయపడరు, బాగా తెలిసిన భాషకీ భయపడరు. సగం తెలిసిన భాషే వెన్నులో చలి పుట్టిస్తుంది. గొప్ప సంగతి కనిపెట్టానని సంబరపడ్డాను.

సరిగ్గా అప్పుడు, తెర మీద చంద్రముఖి కళ్లెర్రజేసి తెలుగులో అరుస్తుంటే, పాప నావైపు తిరిగి మామూలుగానే అంది. "పాట్టీ, అంద పేయ్ ఉన్నై మాదిరియే పేసుదు." ఆ దయ్యం అచ్చం నీలాగే మాట్లాడుతోంది అని.

నవ్వాను. నవ్వు సగంలో ఆగిపోయింది. ఎందుకలా అంటున్నావని అడిగాను. అది చెప్పిన జవాబు తెలుగులో రాస్తున్నాను. "నువ్వు నాతో తమిళం మాట్లాడతావు. కోపం వస్తే తెలుగు మాట్లాడతావు. ఇంకా, రాత్రిళ్లు గది తలుపు వేసుకుని తాత ఫోటోతో తెలుగు మాట్లాడతావు. నేను వచ్చిన మొదటి రాత్రి విని చాలా భయపడ్డాను. అమ్మకి చెప్పలేదులే."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజమే. నలభై నాలుగేళ్లు ఒక మనిషితో మాట్లాడిన భాష ఆ మనిషి పోయినంత మాత్రాన నోట్లో ఆగదు. పగలంతా కోడలి ఫోనుకి తమిళం, కూరగాయల బండికి తమిళం, బ్యాంకులో తమిళం. రాత్రి తలుపు వేసుకుని, గ్యాసు అయిపోయిందనీ, చింతచెట్టు ఈ ఏడు కాయలేదనీ ఆయనకి చెప్పుకుంటాను. అవతల గదిలో ఒక పిల్ల దుప్పటి ముసుగేసుకుని అది వింటోందని నాకేం తెలుసు? తాళం వేసిన గది, లోపల వేరే భాషలో ఆడగొంతు. ఆ సినిమా మా ఇంట్లోనే ఆడుతోంది. దయ్యం నేనే.

ఇన్నేళ్లూ నేను ఎవరెవరినో నిష్ఠూరమాడాను. బళ్లో తెలుగు తగ్గిందని, పుస్తకాలు ఆలస్యంగా వస్తున్నాయని, పిల్లలు చేరడం లేదని. అవి అబద్ధాలు కావు. కానీ ఈ పిల్ల విషయంలో ఏ చట్టమూ నా నోరు నొక్కలేదు. అర్థం కాదేమోనని, దూరమవుతుందేమోనని ముద్దుకి తమిళం వాడాను. మరి తెలుగుని దేనికి వాడాను? తిట్టడానికి, దణ్ణం పెట్టుకోవడానికి, ఏడవడానికి. దాని చెవికి తెలుగంటే కోపం, చీకటి, చావు. సగం తెలిసిన భాషకే భయమని పట్టీ అంచున రాసుకున్నానే, ఆ సగం దగ్గర దాన్ని నిలబెట్టింది నేనే.

చంద్రముఖి కథ వేరు. ఆవిణ్ణి రాజు బలవంతంగా తెచ్చాడు. ఆవిడకి అక్కడ మాట్లాడే దిక్కు లేదు. మనం అలా వచ్చినవాళ్లం కాము. హొసూరు మట్టిలో రాగులు ఎన్నాళ్లనుంచి పండుతున్నాయో తెలుగూ అన్నాళ్లనుంచి పండుతోంది. ఉన్న ఊళ్లో, ఉన్న ఇంట్లో, మనవరాలు ఎదురుగా కూర్చుని ఉండగా ఎవరైనా దయ్యంలా బతుకుతారా?

మర్నాడు నేను ప్రతిజ్ఞలేవీ చెయ్యలేదు. తలుపు మాత్రం వెయ్యలేదు. రాత్రి ఫోటో దగ్గర కూర్చుని ఎప్పటిలా మాట్లాడుతుంటే పాప వచ్చి గుమ్మంలో నిలబడింది. "తాతకి ఇవాళ్టి సినిమా కథ చెబుతున్నాను, కూర్చో" అని తెలుగులోనే అన్నాను. కూర్చుంది. నడుమ రెండు చోట్ల నేను కథ తప్పు చెబితే సరిదిద్దింది, తమిళంలో. ఫరవాలేదు, తాతకి తమిళమూ వచ్చు.

నాలుగోవారంలో 'అరుంధతి' (2009) చూశాం. మంగళూరు పిల్ల అనుష్క తెలుగు తెర మీద జేజమ్మ అయింది. పాప తొమ్మిది వేసింది. ఆ రోజునుంచి నన్ను పాట్టీ అనడం మానేసి 'జేజమ్మా' అని పిలవడం మొదలెట్టింది, వెక్కిరింపుగానే. బెంగళూరుకి ఫోను చేసి, గొంతు బొంగురు చేసుకుని తల్లిని తెలుగులో బెదిరించింది. "అత్తా, పిల్లకి ఏం నేర్పిస్తున్నారు?" అని కోడలు నవ్వింది. కన్నడంలో 1979 నాటి 'నా నిన్న బిడలారె' చూసినప్పుడు, ఆ దయ్యం పీడ విరగడయ్యేది మంత్రాలయంలో అని చెప్పి, అది కర్నూలు వైపు తెలుగునేలేనని గుర్తుచేశాను. "పట్టేదీ తెలుగే, వదిలించేదీ తెలుగే" అంది పాప. ఆ మాట అది తెలుగులో అంది. నేను విననట్టు ఊరుకున్నాను.

ముప్ఫయ్యొకటో తేదీ సాయంత్రం గాలివాన. కరెంటు పోయింది. టీవీ లేదు, ఫోనులో చార్జీ లేదు. లెక్క ముప్ఫయి దగ్గర ఆగిపోయింది. పాప కాసేపు విసుక్కుని, "జేజమ్మా, నువ్వే ఒకటి చెప్పు" అంది.

దీపం పెట్టుకుని కూర్చున్నాం. మా తాత రాగుల కళ్లం దగ్గర కాపలా పడుకున్న రాత్రి, చేని గట్టున ఒక మంట నడుచుకుంటూ వచ్చిన కథ చెప్పాను. కొరివిదయ్యం కథ. మా అమ్మ నాకు ఎలా చెప్పిందో అలాగే, ఒక్క తమిళ ముక్క లేకుండా చెప్పాను. మూడు నాలుగు చోట్ల ఆపి, అంటే ఏంటి, అంటే ఏంటి అని అడిగింది. చప్పుడు నేనే చేశాను. మంట ఆరిపోయే చోట దీపం ఊదేశాను. చీకట్లో నా చెయ్యి పట్టుకుంది. చెమట ఎవరి చేతిదో తెలియలేదు.

తెల్లారి చూస్తే పట్టీలో ముప్ఫయ్యొకటో వరుస దాని రాతతో నింపి ఉంది. సినిమా పేరు దగ్గర ఇంగ్లీషులో 'పాట్టి' అని రాసి, కొట్టేసి, 'జేజమ్మ' అని రాసింది. భాష: తెలుగు. మార్కు: ఏడు. మూడు ఎందుకు తగ్గాయని అడిగాను.

"కళ్లం అంటే ఇంకా సరిగ్గా అర్థం కాలేదు" అంది.

రాగులు కోతకొచ్చాక రమ్మన్నాను, చూపిస్తానని.