తగరపు బిళ్ల మీద శ్రీరంగపట్నం

ఈసారి మైసూరు వెళ్తే ప్యాలెస్, బృందావన్ గార్డెన్స్ చూసి తిరిగొచ్చేయకండి. దగ్గర్లోనే శ్రీరంగపట్నం ఉంది. రంగనాథస్వామి దర్శనం అయ్యాక, కావేరి ఒడ్డున కోటగోడ కూలిన చోటు దాకా వెళ్లండి. 1799 మే 4 మధ్యాహ్నం ఇంగ్లీషు సేన నది దాటి లోపలికి చొరబడిందిక్కడే. టిప్పు సుల్తాన్ చనిపోయిందీ ఆ రోజే.

ఈ దృశ్యాన్నే కంపెనీవారు పతకాల మీద ముద్ర వేయించి, 1808లో పంచారు. ఒకవైపు కోట మీద దాడి, పైన నడినెత్తిన సూర్యుడు, కింద పారశీలో రాత. రెండోవైపు పులిని పడగొట్టిన సింహం. పులి టిప్పు గుర్తు, సింహం ఇంగ్లీషువాళ్లది! పెద్ద దొరలకు బంగారువి ఇచ్చారు. మామూలు సిపాయిలకు మాత్రం తగరపు బిళ్లలు. ఆ యుద్ధానికి మద్రాసు సైన్యమూ, హైదరాబాదు నిజాం సేనలూ వెళ్లాయి.

పాత పతకాలు సేకరించే సరదా ఉందా? అయితే దారిపక్కన అమ్మేవి చూసి మోసపోకండి, నకళ్లు చాలా ఉంటాయి. ముందు మీ ఇంట్లో తాతలనాటి పెట్టె వెతకండి. ఏ యుద్ధపు పతకం దొరికినా చింతపండుతోనో, విభూదితోనో తోమకండి. అక్షరాలు అరిగిపోతాయి. మెత్తటి పొడిబట్టతో తుడిస్తే చాలు. వందేళ్లు దాటిన వాటిని అనుమతి లేకుండా విదేశాలకు పంపకూడదని 1972 నాటి చట్టం ఉంది. కనుక అమెరికాలోని అబ్బాయికని సామాన్లలో సర్దేయకండి.

అది ఎవరిదో, ఏ యుద్ధంలో వచ్చిందో పెద్దవాళ్లుండగానే అడిగి, కాగితం మీద రాసి దాంతోపాటే దాచండి.