చెక్క పడవ, స్పీడు పడవ, మన చేపల బోటు

పోర్ట్స్‌మౌత్ వైపు పనులకొచ్చే మనోళ్లు ఆదివారం పూట పెద్ద యుద్ధనౌకల ముందు ఫోటోలు దిగి వెళ్లిపోతారు. మేం చెప్పేది చిన్న పడవల గురించి. హార్బర్ స్టేషన్ పక్కనే ఫెర్రీ ఎక్కి గోస్‌పోర్ట్‌లో దిగితే, ప్రిడ్డీస్ హార్డ్ అనే చోట ఎక్స్‌ప్లోజన్ మ్యూజియం ఉంది. అందులో ఎంటీబీ 71 అని రెండో ప్రపంచ యుద్ధం నాటి టార్పెడో పడవ పెట్టారు. 60 అడుగులు. ఇనుముది కాదు, చెక్కది.

మనం కట్టుబడి పనోళ్లం కదా, కళ్లు ముందు దాని కట్టుబడి మీదకే పోతాయి. మహాగని పలకలు రెండు పొరలు, ఒకటి ఇటు ఐమూలగా, ఇంకోటి అటు ఐమూలగా, మధ్యలో నూనె పట్టించిన గుడ్డ. మన షట్టరింగ్ ప్లైవుడ్‌లో పొరలు అడ్డం నిలువు వేస్తారు చూడండి, ఇదీ అందుకే. బరువు తక్కువ, బలం ఎక్కువ. తేలికగా ఉంటే పడవ నీళ్లని చీల్చుకుంటూ పోదు, స్పీడందుకున్నాక పైకి లేచి నీళ్ల మీద జారుతుంది.

మొదటి యుద్ధంలో థార్నీక్రాఫ్ట్ వాళ్లు కట్టిన పడవలైతే ఇంకా విచిత్రం. టార్పెడోని వెనక నుంచి నీళ్లలోకి జార్చేవారు. అదీ పడవ పోయే దిక్కుకే పోతుంది. జార్చిన వెంటనే పక్కకి తప్పుకోకపోతే మన టార్పెడో మనకే తగుల్తుంది! అలాంటి ఉద్యోగం మనం ఎవరం ఒప్పుకుంటాం?

గోస్‌పోర్ట్‌లో ఈ పడవల స్థావరం హార్నెట్‌ని 1957లో మూసేశారు. అయినా 1960లో వాస్పర్ కంపెనీ బ్రేవ్ బార్డరర్, బ్రేవ్ స్వార్డ్స్‌మన్ అని రెండు ఇచ్చింది. విమానాలకి వాడిన ప్రోటియస్ టర్బైన్లు మూడేసి, గంటకి 90 కిలోమీటర్లు పైనే. నేవీ ఆ రెండిటితో ఆపేసింది. కంపెనీ మాత్రం అదే రకం మలేషియాకి అమ్ముకుంది.

ఇదంతా మనకెందుకు అంటారేమో. 2008 నవంబర్ 26న ముంబై మీదకొచ్చిన పదిమంది ముందు కుబేర్ అనే పోర్‌బందర్ చేపల పడవని పట్టుకున్నారు, అందులో పనోళ్లని చంపేశారు. హోటళ్ల సంగతి అందరికీ గుర్తుంది, ఆ పడవ వాళ్లు ఎంతమందికి గుర్తున్నారు? ఆ తర్వాత 2009లో మన నేవీ సాగర్ ప్రహరీ బల్ పెట్టింది, స్పీడు పడవలు కొన్నది. మంచిదే, కావాల్సిందే.

కానీ అలాంటి పడవ అవతలి దేశానిదైతే? 2018 నవంబర్‌లో శ్రీకాకుళం, విజయనగరం మనోళ్లు గుజరాత్ బోట్ల మీద వేటకి పోయి పాకిస్తాన్ వాళ్లకి దొరికారు. 20 మంది వాఘా దాటి ఇటు వచ్చింది 2020 జనవరిలో. ఏడాది పైన కరాచీ జైలు. మనలాగే ఊళ్లో పని లేక పోయినోళ్లు.

మాలో ఒక తమ్ముడిది ఆ తీరమే. ఎంటీబీ ముందు నిలబడు, ఫోటో తీస్తాం అంటే వద్దన్నాడు. "ఇది వెంటపడితే మా బోటు ఎక్కడికి పోద్దన్నా" అన్నాడు.

వెరావల్ బోట్ల మీద పని చేసొచ్చినోళ్లు మనలో ఉన్నారని తెలుసు. నీళ్ల మీద గీత దగ్గరకొచ్చిందని మీకు ఎలా తెలిసేది, బోటులో జీపీఎస్ ఎవరి చేతిలో ఉండేది, వీలున్నప్పుడు రాయండి.