డబ్బెడు నీళ్లు

రెండేండ్ల కింద నేను అంబాసిడర్ కారు కొన్న. కొత్తది కాదు. కొత్తది కొందామన్నా దొరకదు, బెంగాల్‌లోని ఉత్తర్‌పారాల దాని తయారీ 2014లనే బందైంది. నేను కొన్నది మార్క్ 4, మా ఊరి పటేలుది. ఆయన పోయినంక కొట్టంల తుప్పు వడుతుంటే కొడుకు పాత ఇనుము ధరకు అమ్మజూపిండు. బడిల తోటి సార్లు నవ్విండ్రు. ‘లోను తీసి మంచి కారు కొనుక్కోరాదు?’ అన్నరు. వాకిట్ల కారు ఆగంగనే మా అవ్వ తలుపు పెట్టుకుంది. ఎవలకూ ఏం చెప్పలే. ఆ కారుకూ మా ఇంటికీ ఉన్న లెక్క వేరే.

మాది బోధన్ దిక్కు చెరుకు ఊరు. నిజాంసాగర్ కాలువ వచ్చినంక, 1937ల శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టినంక, మా దిక్కు ఎటుచూసినా చెరుకే. తోటలు వాళ్లయి, కత్తులు మాదిగ వాడయి. మా బాపు పటేలు దగ్గర జీతముండేటోడు. చెరుకు కొట్టుడు, ఎడ్లను చూసుడు, పెండ తీసుడు, వీటితోని కారు కడుగుడు కూడా ఆయన పనే. కడగాలె గని సీట్ల కూసోవద్దు. నడిపేటందుకు వేరే కులపోడు ఉండె.

ఆ కారుకు ఎప్పుడూ రేడియేటర్ కారే రోగమే. డిక్కీల ఒక తెల్ల రేకు డబ్బా ఉండేది, కారు నీళ్ల డబ్బా. పటేలు వాకిట్ల చేదబాయి తాడు బాపు ముట్టద్దు. పనిమనిషి చేది, డబ్బాల దూరంకెళ్లి వోసేది. బాపు ఆ డబ్బెడు నీళ్లు కారుకు తాపేటోడు. ఆయనకు దూపైతె దోసిలి పట్టాలె. ఆయన చాయ్ గిలాస కొట్టం చూరుకు చెక్కి ఉండేది, కారు డబ్బా మాత్రం డిక్కీల బట్ట మీద కూసునేది. చిన్నప్పుడు నాకు ఇది వింత అనిపియ్యలే. డిగ్రీ చదివేటప్పుడు, హాస్టల్ల ఒక రాత్రి, ఉన్నట్టుండి యాదికొచ్చి నిద్రవట్టలే.

1997 ఎండకాలం. నాకు ఎనిమిదేండ్లు. కారు బోధన్ నుంచి పొగలు కక్కుకుంట వచ్చి ఆగింది. పటేలు దిగుతనే ‘అరే, మూత తియ్, నీళ్లు వొయ్’ అన్నడు. ‘జర సల్లారనియ్యి పటేలా’ అన్నడు బాపు. ‘నాకు చెప్తవా?’ అన్నడు పటేలు. బాపు గుడ్డ వేసి మూత తిప్పిండు. బుస్సుమన్నది. అంతే. మోచేతి నుంచి మణికట్టు దాకా తోలు ఊడింది. దవాఖానకు పోవాలంటే కారు అక్కడ్నే ఉన్నది, గని ఎవ్వరూ ఎక్కుమనలే. మా అవ్వ గోనె సంచి నెత్తిన కప్పి రోడ్డు దాకా నడిపిచ్చుకపోయి బస్సెక్కిచ్చింది.

ఇప్పుడు నేను పిల్లలకు చెప్పేది ఆ పాఠమే. పీడనం పెరిగితే నీళ్లు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. రేడియేటర్ మూత బిగుతుగా ఉన్నంతసేపు లోపలి నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగవు. మూత తీయంగనే పీడనం పడిపోయి ఒక్కసారే ఆవిరై ఎగజిమ్ముతాయి. బోర్డు మీద బొమ్మ వేస్తుంటే నా చెయ్యి వణికింది. చలి దేశాల కార్లల్ల ఇసొంటిదే చిన్న రేడియేటర్ లోపల కాళ్ల దగ్గర ఉంటది. ఇంజను వేడి నీళ్లు అందుల తిరిగి, కూసున్నోళ్లను వెచ్చగ ఉంచుతయి. మా ఊళ్లె ఆ వేడి బయట నిలబడ్డోనికి దక్కింది.

నేను కొన్నప్పుడు కూడా అది కారుతనే ఉండె. ఎవలో చెప్తే పిరికెడు పసుపు కలిపి వోసిన. రెండు దినాలు ఆగింది, మళ్లా బొట్లు బొట్లు. బాపు అప్పటిదాకా కారు దిక్కే చూడలే. ఆ దినం మాత్రం వచ్చి వంగి చూసి, ‘పసుపు వోస్తె ఆ పూటకే రా. సన్న గొట్టాలు కూడ మూసుకపోతయి’ అన్నడు. పానా అడిగిండు. ట్యాపు తిప్పి నీళ్లు ఇడిసిండు, రబ్బరు పైపులు గుంజిండు, బోల్టులు ఇప్పిండు. రేడియేటర్ కిందికి దించిండు. నేను నోరు తెరిచి చూసిన.

బస్సుల నిజామాబాద్ పోయినం. మా ఇద్దరి నడుమ సీటు మీద రేడియేటర్. అప్పుడు చెప్పిండు, పటేలు దాన్ని నాలుగుమార్లు ఆయన నెత్తికెత్తి ఇదే బస్సుల పంపిండట.

బోధన్ రోడ్డు మీద దుకాణం. చాచా ముసలోడు. గొట్టాల మూతులకు బిరడాలు కొట్టబోతుంటే బాపు అన్నడు, ‘కింది టాంకి, ఎడమ మూల.’ చాచా నవ్వి, గాలి కొట్టి నీళ్ల తొట్టిల ముంచిండు. సరిగ్గ అక్కడ్నే బుడగలు లేచినయి. ‘నీకెట్ల ఎరుక భాయ్?’ అన్నడు. ‘అప్పట్ల టంకం పెట్టిచ్చింది నేనే’ అన్నడు బాపు. చాచా తీగ బ్రష్షుతోని ఇత్తడి మెరిసేదాక గీకి, జింకు కరిగిచ్చిన యాసిడ్ పూసి, మంట చూపిచ్చి, తగరం సీసం కలిసిన కడ్డీ ఆనిచ్చిండు. టంకం వెండి తీరు పారి సందుల దిగింది. బాపు కండ్లార్పలే. ‘మీ తాత మోట తొండం కుట్టేటోడు. కారితే మాసిక గిట్లనే, చుక్క దిగద్దు’ అన్నడు. ఆ మోట తోనే పటేలు బాయి నీళ్లు పొలాలకు పారినయి. కుట్టినోడు ఆ నీళ్లు ముట్టద్దు.

మళ్లా బిగిచ్చినం. మా నల్ల నీళ్లు బిందెతోని బాపే వోసిండు. ‘బోధన్ దాక పోదాం, ఎక్కు’ అన్న. శానాసేపు డోరు పట్టుకొని నిలబడ్డడు. అవ్వ కడప మీదికెళ్లి చూస్తుంది. ముందు సీట్ల కొసకు కూసున్నడు, వీపు ఆనియ్యలే. శక్కర్‌నగర్ దాటంగ చూసి, ‘కాంటా ఎక్కడుంది?’ అని అడిగిండు. 2002ల ప్రైవేటుకు పోయి 2015 డిసెంబర్‌ల మూతవడ్డ ఫ్యాక్టరీల తూకం కాంటా గురించేమో అనుకున్న. కాదు. ‘వేడిది’ అన్నడు. ముల్లు నడిమిట్లనే ఉంది.

బోధన్‌ల చాయ్ హోటల్ ముందట ఆపిన. బాపు దిగి రెండడుగులు ఏసి ఆగిండు. రోడ్డు కాలుతుంది.

‘చెప్పులేవి బాపూ?’

కాళ్ల దిక్కు చూసుకుండు. ‘కారు ఎక్కేటప్పుడు ఇడిసిన. వాకిట్లనే ఉన్నయి’ అన్నడు.

నేను కారు ఊరి దిక్కు మలిపిన.