అరకు కొండదారులలో మోటారుబండ్లు



విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవుటకు రెండు దారులు గలవు. ఒకటి కొత్తవలస మీదుగా పోవు ఇనుపదారి. రెండవది శృంగవరపుకోట దాటి అనంతగిరి కొండల నెక్కు ఘాటురోడ్డు. బైలడిల్లా ఇనుపరాతిని రేవునకు దింపుటకై 1960 దశకములో ఆ ఇనుపదారిని వేసిరి. దానిపై 58 సొరంగములు, 84 వంతెనలు గలవు. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తున నున్నది. పిల్లలను వెంటబెట్టుకొని పోవువారికి రైలే మేలు. సొరంగము వచ్చినప్పుడెల్ల పెట్టెయంతయు వారి కేకలతో నిండిపోవును, ప్రయాణపు బడలిక తెలియదు. మేమును రైలుమీదనే పోయితిమి. కాని నేనిప్పుడు వ్రాయబూనినది రైలును గూర్చి కాదు. రైలు దిగిన పిమ్మట కొండబాటలలో మమ్ము మోసిన జీపులను, మోటారుసైకిళ్లను, వాని యంత్రములను గూర్చి. ఇది మగవారి విషయమని పుట త్రిప్పివేయకుడు. మన వంటింటి పొయ్యి తెలిసినవారికి ఇందులో తెలియరానిది స్వల్పము.

బొర్రాగుహలను చూచినవారు పెక్కండ్రు కటికి జలపాతమునకును పోవుదురు. మేము పోయినప్పుడు ఆ దారి చాలవరకు రాళ్లు తేలిన కొండబాట. జీపు పోగలిగినంత దూరము జీపుమీదను, అటుపై కాలినడకను పోవలెను. ఆ జీపులో కూర్చున్నవారు కూర్చున్నట్లుండరు. ఒకమారు ప్రక్కవారి యొడిలోను, ఒకమారు పైకప్పునకు తలతగులునట్లును ఉందురు. మా మఱదలు కమ్మీని పట్టుకొన్న చేయి మరల వదలినది జలపాతము కడనే. నన్నాశ్చర్యపరచినది డ్రైవరు నేర్పు. ఎగుడు కనబడినంతనే, దానిని చేరకముందే గేరు తగ్గించుచుండెను. ఎక్కుచుండగా నడుమ గేరు మార్చినచో ఆ క్షణకాలము యంత్రపుబలము చక్రములకందదు. బండి వెనుకకు జారును. తెలిసిన డ్రైవరు వాలును కంటితో ముందే తూచుకొనును.

ఇక కొండమీద యంత్రమునకు కలుగు చిక్కేమనగా, గాలి చాలకపోవుట. అరకు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. అచటి గాలి యొత్తిడి తీరమునందలి దానిలో పదింట తొమ్మిది పాళ్లు మాత్రమే. అందుచేతనే అచట నీరు 97 డిగ్రీల వేడికే మరగును. కందిపప్పు ఉడుకుట కొంత ఆలస్యమగును. (మేము దిగిన యింటి ఇల్లాలు కుక్కరు లేనిదే పప్పు జోలికి పోనని చెప్పినది.) యంత్రమును గాలి పీల్చియే బ్రదుకును. నూరు మీటర్లు పైకెక్కినప్పుడెల్ల సామాన్యమైన యంత్రము బలములో నూటికి ఒక వంతు చొప్పున తరుగునని లెక్క. అనగా విశాఖలో పదిగుఱ్ఱముల బలము గల బండి అరకులో తొమ్మిది గుఱ్ఱములదే యగును. విద్యుత్తుతో నడచు రైలింజనుకు మాత్రము ఈ బాధ లేదు.

అరకు బజారుకు కొంత దూరమున ఒక మెకానిక్కు కొట్టు చూచితిమి. రేకులపంచ, నూనె మరకల బల్ల, గోడకు వ్రేలాడు పాత టైర్లు. మా జీపు వడపోతను శుభ్రపరచుటకై అచట గంటసేపు ఆగవలసివచ్చినది. ఆ పంచలో ఏ.టి.వి. యనబడు చిన్నబండి యొకటి, రెండు పాత మోటారుసైకిళ్లు విప్పి పెట్టియున్నవి. ఏ.టి.వి. యనగా రాయి, బురద, ఇసుక యనక అన్ని నేలలమీదను పోవుటకు చేసినది. గుఱ్ఱముపై వలె కాళ్లు చెఱియొక వైపునకు వైచి కూర్చుందురు. హోండా కంపెనీవారు 1970లో మూడుచక్రములతో దీనిని అమ్మకమునకు పెట్టిరి. అది తేలికగా ఒరిగి జనులకు దెబ్బలు తగులుచుండుటచే, తరువాత నాలుగుచక్రములదే నిలిచినది. ఇప్పుడు విహారస్థలములలో పడుచువారు వేడుకకు దీనినెక్కుచుందురు.

మెకానిక్కు నలువది యేండ్లవాడు, కొండయూరివాడు. పని యాపకయే మా ప్రశ్నలకు బదులు చెప్పుచుండెను. "సముద్రంకాడ బాగా పరిగెత్తిన బండి ఇక్కడ ఆయాసపడతాదమ్మా. దాన్ని ఈ గాలికి అలవాటు చెయ్యాల" అనెను. వీణను పాడువారి గొంతునకు శ్రుతి చేసినట్లు, యంత్రమును ఆ యెత్తుగాలికి శ్రుతి చేయుటయే అతని పని.

ఒక పాలు పెట్రోలు చక్కగా కాలుటకు తూకముచొప్పున సుమారు పదునైదు పాళ్లు గాలి కావలెను. పాతబండ్లలో ఈ రెంటిని కలుపునది కార్బురేటరు. అందులో సన్నని బెజ్జము గల ఇత్తడిముక్క యొకటి యుండును, దానిని జెట్టందురు. ఆ బెజ్జము తీరపుగాలికి తగినట్లు చేయబడినది. కొండమీద గాలి తగ్గినను పెట్రోలు దాదాపు మునుపటివలెనే వచ్చుచుండును. గాలి చొరనీయక పుల్లలు క్రుక్కిన పొయ్యి ఏమగును? పొగ చిమ్మును, కుండకు మసిపట్టును. యంత్రమునందును అదియే జరుగును. కనుక జెట్టును తీసి, అంతకంటె సన్నని బెజ్జము గలదానిని వేయుదురు. పిమ్మట యంత్రమును వేడెక్కనిచ్చి, ప్రక్కనున్న చిన్నమరను కొద్దికొద్దిగా త్రిప్పుచు, చప్పుడు నిలకడగా వచ్చుచోట ఆపుదురు.

సరిపోయినదో లేదో తెలుపునది ప్లగ్గు. మెకానిక్కు దానిని విప్పి మా కఱచేతిలో పెట్టెను. కొన నల్లగా మసిబారియున్నచో పెట్రోలెక్కువ. తెల్లబారియున్నచో పెట్రోలు తక్కువై యంత్రము అతివేడి కెక్కుచున్నదని యర్థము. వేచిన కాఫీగింజ రంగులో నున్నచో సరి. అరకులో ఇంతకంటె తేలికయైన పోలిక వేఱొకటి యుండదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కాఫీతోటలు, మిరియపుతీగలల్లుకొన్న సిల్వరు ఓకు చెట్లనీడను, కొట్టుకెదురుగానే కనబడుచున్నవి. సన్నజెట్టుతో మరల విశాఖకు దిగినచో యంత్రము వేడెక్కి పిస్టను చెడును గాన, దిగువారు పాతజెట్టును మరల వేయించుకొనవలెను. 2020 ఏప్రిలునుండి వచ్చిన క్రొత్త మోటారుసైకిళ్లలో పెక్కింటికి ఈ బాధ లేదు. గాలియొత్తిడిని తామే కనిపెట్టి పెట్రోలును తగ్గించుకొను పరికరము వానిలో గలదు.

ఎఱ్ఱమట్టిదుమ్ము కొండబాటలలో యంత్రమునకు పెద్దశత్రువు. అసలే గాలి చాలని చోట వడపోతకూడ పూడినచో ఇక బండి యేమి యెక్కును? చిన్నబండ్ల వడపోత స్పాంజివంటిది. దానిని సబ్బునీట నుతికి, మెలిపెట్టక నొక్కి, నీడనారవైచి, కొంచెము నూనె పట్టించి మరల పెట్టుదురు. మనము తలనూనె రాచుకొనునంత మితముగా రాయవలె నని అతడనగా మేమందరము నవ్వితిమి.

ఇంక పండ్లచక్రముల సంగతి. గొలుసు తిరుగు ముందుచక్రమునకు పదునాలుగు పండ్లుండినచో పదుమూడు పండ్లది వేయుదురు. లాగుశక్తి నూటికి ఏడెనిమిది పాళ్లు పెరుగును, పరుగు అంత తగ్గును. తిరగలిపిడి నడిమికి దగ్గఱగా నున్నచో త్రిప్పుట కష్టము. అంచున నున్నచో సులువు, కాని చేయి ఎక్కువదూరము తిరుగవలెను. లాభనష్టములు అట్టివే. కొండదారిలో పరుగు ఎవరికి కావలెను?

టైర్లలో గాలి తక్కువగా నుండుట మాకు వింతగా తోచినది. కారుటైరులో చదరపు అంగుళమునకు ముప్పది పౌనుల యొత్తిడి యుండగా, ఏ.టి.వి. టైరులో అయిదాఱు పౌనులే యుండును. మెత్తని టైరు రాతిని కరచిపట్టును. ఇక వాగు దాటునప్పుడు గాలిపీల్చు గొట్టములోనికి నీరు పోరాదు. నీరు గాలివలె అణగదు కావున లోపలి కడ్డీ వంగిపోవును. దిగుడులో యంత్రమును ఆపి పెట్రోలు మిగుల్చుకొందమను పిసినిగొట్టు డ్రైవర్లతో మీరెన్నడును కూర్చుండకుడు. తక్కువగేరులో యంత్రమే బండిని పట్టియుంచవలెను. బ్రేకునొక్కదానినే నమ్మినచో అది వేడెక్కి పట్టువిడచును.

కొందఱు పడుచువారు బండిని శ్రుతిచేయించుట యనగా సైలెన్సరును తీసివేయించుటయే యనుకొందురు. దానివలన బలము వచ్చుట అటుంచి, కార్బురేటరు లెక్కయే తప్పును. లోయలో చప్పుడు కొండకు కొండకు తగిలి మ్రోగును. పురిటియిండ్లు, చంటిబిడ్డలు గల పల్లెలగుండ ఆ రొదతో పోవుట మర్యాద కాదు. రాగి, వలిసె పైరులమీదుగా చక్రములు పోనిచ్చుట అంతకంటెను తప్పు.

మేము పోవుటకు లేచుచుండగా, విప్పియున్న మోటారుసైకిలు ఎవరిదని అడిగితిమి. తనదే యని అతడు చెప్పెను. అతని యూరికి తారురోడ్డు లేదు. వానకాలమున జీపుకూడ పోని బాటపై మూడు కోసులు పోవలెను. రెండేండ్ల క్రిందట అతని చెల్లెలికి నడిరేయి నొప్పులు రాగా, దుప్పటిని వాసమునకు కట్టి డోలీ చేసి నలుగురు మోసుకొనిపోయిరి. బిడ్డ దారిలోనే పుట్టినది. తల్లి బ్రదికినది, బిడ్డ దక్కలేదు. మోటారుసైకిలు అప్పుడును ఇంటిముందే యున్నది. ప్లగ్గు మసిపట్టి, చలికి లేవలేదు.

డోలీలమీద గర్భిణులను మోయుట ఆ కొండలలో నేటికిని తీరని కష్టము. 2018లో ప్రభుత్వమువారు గిరిజనప్రాంతములకు మోటారుసైకిలు అంబులెన్సులను ప్రవేశపెట్టిరి. 2025లో డుంబ్రిగూడ మండలమునందు అడవితల్లి బాట యను పేర రోడ్లపనులు మొదలైనవి. అవి తన యూరికి వచ్చులోపల తన బండి సిద్ధముగా నుండవలెనని అతని పట్టుదల. చెల్లెలు మరల నిండుచూలాలు.

"చలిలో తొలి తన్నుకే లేవాలమ్మా. రెండోది తన్నకూడదు" అనుచు ప్లగ్గును బిగించెను. రాత్రి బండినెచట పెట్టుదువని మా అత్తగారడిగిరి. పొయ్యిగదిగోడ కానించి, పాతగొంగడి కప్పుదునని చెప్పెను. మా జీపు సిద్ధమైనది. మేము బయలుదేరుసరికి అతడు మోటారుసైకిలు నడిపించుకొని పంచవెలుపలికి వచ్చి, చెవియొగ్గి చప్పుడు వినుచు, చిన్నమరను మరికొంచెము త్రిప్పుచుండెను.